ఫొటో సేవ్ చేస్తే అడగని ఫార్మాట్ వస్తోందా? కారణం పట్టుకుని సరిచేసే పద్ధతి

"జేపీజీగా సేవ్ చేద్దామంటే లిస్టులో జేపీజీయే కనిపించడం లేదు." "డిజైన్ పంపిస్తే ఫ్లెక్సీ షాపులో ఓపెన్ కావడం లేదంటున్నారు." "పేరు చివర జేపీజీ అనే ఉంది, అయినా ఉద్యోగ దరఖాస్తు వెబ్‌సైట్ తీసుకోవడం లేదు." హనుమకొండ, కాజీపేట స్టూడియోల వాళ్లు, జనగామ, ములుగు వైపు మీ సేవ, డీటీపీ సెంటర్లు నడిపేవాళ్లు, పోటీ పరీక్షలకు అప్లై చేసే విద్యార్థులు ఎక్కువగా అడిగేవి ఈ మూడే. మూడింటికీ కారణాలు వేరు. అందుకే ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనిచేయదు.

ముందుగా ఒక మాట. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన సొంత ఫార్మాట్‌లో సేవ్ చేస్తానంటే అది చాలాసార్లు మీ పనిని కాపాడటానికే. లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు), టెక్స్ట్, మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచేవి) జేపీజీలో నిలవవు కాబట్టి వాటిని నిలబెట్టే ఫార్మాట్‌ను ముందు చూపిస్తుంది. ఆ అలవాటును పూర్తిగా మాన్పించే సెట్టింగ్ కోసం వెతకడం కన్నా, మీ దగ్గర ఉంచుకునే ఫైల్ ఏది, బయటికి ఇచ్చే ఫైల్ ఏది అని రెండుగా విడదీసుకుంటే సగం గొడవ పోతుంది. ఈ మార్గదర్శి అంతా ఆ విభజన మీదే నడుస్తుంది.

## 1. ఏ సెట్టింగూ ముట్టుకోకముందే: ఫైల్ నిజంగా ఏ ఫార్మాట్?

విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివర చుక్క తర్వాత ఉండే, ఫార్మాట్ చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను దాచిపెడుతుంది. దాన్ని కనిపించేలా చేయడం మొదటి పని.

- విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి.
- విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్ ఉంటుంది.

టిక్ పెట్టగానే చాలామందికి తమ ఫైల్ పేరు చివర జేపీజీ, ఆ వెనకే పీఎన్‌జీ అని రెండు ఎక్స్‌టెన్షన్లు కనిపిస్తాయి. సేవ్ చేసేటప్పుడు పేరులో చేత్తో జేపీజీ అని టైప్ చేశారు, కింద సేవ్ యాజ్ టైప్ మాత్రం పీఎన్‌జీలోనే ఉంది. లెక్కలోకి వచ్చేది చివరిదే.

ఇక రెండో తనిఖీ. ఎక్స్‌టెన్షన్ కూడా అబద్ధం చెప్పవచ్చు, ఎందుకంటే ఎవరైనా రీనేమ్ చేసి ఉండవచ్చు. మిర్చి బస్తా మీద పత్తి అని రాసినా లోపల ఉండేది మిర్చే. అనుమానం ఉంటే ఫైల్‌కు ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెరంతా పిచ్చి గుర్తులే వస్తాయి, కానీ మొదటి వరుస మొదట్లో ఆనవాలు దొరుకుతుంది.

- పీఎన్‌జీ అనే మూడు అక్షరాలు కనిపిస్తే అది పీఎన్‌జీ.
- 8 అంకె, దాని వెంట బీ, పీ, ఎస్ అక్షరాలు ఉంటే ఫొటోషాప్ ఫైల్.
- ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అని మొదలై, కొంచెం పక్కనే వెబ్‌పీ అనే అక్షరాలుంటే అది వెబ్‌పీ.
- శాతం గుర్తు, పక్కన పీడీఎఫ్ అని ఉంటే పీడీఎఫ్.
- మొదట్లోనే హెచ్‌ఈఐసీ అనే అక్షరాలుంటే ఐఫోన్ తరహా ఫొటో.
- మొదటి వరుసలోనే జేఎఫ్‌ఐఎఫ్ లేదా ఎగ్జిఫ్ అనే అక్షరాలుంటే దాదాపుగా అది జేపీజీయే.

చూశాక నోట్‌ప్యాడ్‌ను సేవ్ చేయకుండా మూసేయండి. సేవ్ కొడితే ఆ కాపీ పాడైపోతుంది.

ఇంకో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఫైల్ ఐకాన్ మారిపోయిందని, "నా ఫొటోలన్నీ ఫొటోషాప్ ఫైళ్లయిపోయాయి" అని కంగారు పడతారు. ఐకాన్ చెప్పేది డబుల్ క్లిక్ చేస్తే ఏ ప్రోగ్రామ్ తెరుస్తుందో మాత్రమే. సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి జేపీజీ ఎదుట మీకు నచ్చిన ప్రోగ్రామ్ పెట్టుకుంటే సరి. ఫైల్‌కు ఏమీ కాలేదు, కాబట్టి టెన్షన్ పడి ఫైళ్లను రీనేమ్ చేయకండి.

## 2. మీ సమస్య ఏ రకం?

తనిఖీ అయ్యాక మీ సమస్య కింది వాటిలో ఒకటిగా తేలుతుంది. దాన్నిబట్టి నేరుగా ఆ భాగానికి వెళ్లండి.

- కావలసిన ఫార్మాట్ సేవ్ లిస్టులోనే లేదు: భాగం 4.
- ఫార్మాట్ లిస్టులో ఉంది, కానీ ప్రతిసారీ వేరేది ముందుగా ఎంపికై ఉంటోంది: భాగాలు 4, 5, 6.
- సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, చేతికొచ్చిన ఫొటోనే వేరే ఫార్మాట్: భాగం 7.
- ఫార్మాట్ సరిగ్గానే ఉంది, అయినా అవతలివాళ్లు తీసుకోవడం లేదు: భాగాలు 8, 9.

భాగం 3 మాత్రం అందరికీ అవసరం.

## 3. ముందస్తు ఏర్పాటు: రెండు ఫోల్డర్లు

ప్రతి పనికీ ఒక ఫోల్డర్, దానిలో రెండు చిన్న ఫోల్డర్లు పెట్టండి. ఒకదాని పేరు "వర్క్", రెండోది "ఫైనల్". పీఎస్‌డీ (ఫొటోషాప్), ఎక్స్‌సీఎఫ్ (గింప్), సీడీఆర్ (కోరెల్ డ్రా) ఫైళ్లు వర్క్‌లో. జేపీజీ, పీఎన్‌జీ, టిఫ్, పీడీఎఫ్ ఫైనల్‌లో. కస్టమర్‌కు, ల్యాబ్‌కు, వాట్సాప్‌కు వెళ్లేది ఫైనల్ నుంచి మాత్రమే.

చదవడానికి చిన్న విషయమే. కానీ "పీఎస్‌డీ పంపాను, వాళ్ల దగ్గర ఓపెన్ కాలేదు" అనే గొడవ ఎక్కువగా మొదలయ్యేది రెండూ ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో ఉన్నప్పుడే.

పేరు పెట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింది గీత మాత్రమే వాడండి. తెలుగు పేర్లను ఇప్పటి విండోస్ బాగానే చూపిస్తుంది కానీ, కొన్ని అప్‌లోడ్ పేజీలు, ప్రింటింగ్ మిషన్ల పాత సాఫ్ట్‌వేర్లు తీసుకోవు. పేరు మధ్యలో చుక్కలు కూడా వద్దు. ఎక్స్‌టెన్షన్ ఎక్కడ మొదలైందో మనకే అర్థం కాకుండా పోతుంది.

## 4. ఫొటోషాప్: జేపీజీ లిస్టులో లేకపోతే

ఎక్కువ ప్రశ్నలు దీని మీదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

2021లో వచ్చిన 22.4 వెర్షన్ నుంచి ఫొటోషాప్ సేవ్ పద్ధతి మారింది. అంతకుముందు లేయర్లున్న డిజైన్‌ను కూడా సేవ్ యాజ్‌లో నేరుగా జేపీజీగా చేసేవాళ్లం. ఇప్పుడు సేవ్ యాజ్ లిస్టులో ఆ డిజైన్‌ను ఉన్నదున్నట్టు నిలబెట్టగల ఫార్మాట్లే వస్తాయి. మిగతావన్నీ సేవ్ ఎ కాపీలోకి వెళ్లాయి. పాత వెర్షన్‌లో చేయి తిరిగినవాళ్లు కొత్త కంప్యూటర్ కొన్న రోజున ఇబ్బంది పడేది అందుకే.

### 4.1 మామూలు దారి

1. ముందు కంట్రోల్+ఎస్ కొట్టి పీఎస్‌డీని వర్క్ ఫోల్డర్‌లో సేవ్ చేయండి.
2. తర్వాత ఫైల్ మెనూలో సేవ్ ఎ కాపీ. షార్ట్‌కట్ కంట్రోల్+ఆల్ట్+ఎస్.
3. ఫార్మాట్ దగ్గర జేపెగ్ ఎంచుకుని, ఫైనల్ ఫోల్డర్ చూపించండి.
4. తర్వాత వచ్చే పెట్టెలో ప్రింట్‌కైతే క్వాలిటీ 12 పెట్టండి. ఆన్‌లైన్‌కు 8 నుంచి 10 చాలు.
5. అదే పెట్టెలో బేస్‌లైన్ స్టాండర్డ్ ఉంచండి. ప్రోగ్రెసివ్ వద్దు, దాన్ని చదవలేని సాఫ్ట్‌వేర్లు ఇంకా ఉన్నాయి.

ఈ క్రమం మార్చకండి. ముందు పీఎస్‌డీ, ఆ తర్వాతే కాపీ.

### 4.2 సేవ్ ఎ కాపీలో కూడా కావలసింది లేకపోతే

డాక్యుమెంట్ ట్యాబ్ చూడండి. ఫైల్ పేరు పక్కన ఆర్‌జీబీ/8, సీఎంవైకే/8 లాంటి రాత ఉంటుంది. ఆర్‌జీబీ తెర మీది రంగుల పద్ధతి, సీఎంవైకే ప్రింటింగ్ రంగుల పద్ధతి, పక్కనున్న అంకె రంగు వివరం ఎంతో చెప్పే బిట్స్. రోగం అక్కడే బయటపడుతుంది.

ఇండెక్స్ అని ఉంటే: గిఫ్ గానీ, తక్కువ రంగుల పీఎన్‌జీ గానీ తెరిచారు. ఇమేజ్, మోడ్, ఆర్‌జీబీ కలర్ చేయండి. జేపీజీ వస్తుంది. లేయర్ల ఆప్షన్లు పనిచేయడం లేదన్న ఫిర్యాదు కూడా దీంతోనే తీరుతుంది.

బిట్‌మ్యాప్ అని ఉంటే: సంతకం, స్టాంపు లాంటివి నలుపు తెలుపులో స్కాన్ చేసినప్పుడు ఇలా వస్తుంది. ముందు గ్రేస్కేల్ చేసి, ఆ తర్వాత ఆర్‌జీబీ చేయాలి. నేరుగా ఆర్‌జీబీకి వెళ్లనివ్వదు.

32 అని ఉంటే: ఇమేజ్, మోడ్‌లో 8 బిట్స్‌కు తగ్గించండి. 16 ఉన్నా ప్రింట్‌కు, వెబ్‌కు 8 సరిపోతుంది. కానీ పీఎస్‌డీని 16లోనే వదిలేసి, కాపీలో మాత్రమే తగ్గించడం మేలు.

సీఎంవైకే అని ఉండి పీఎన్‌జీ కావాలంటే: పీఎన్‌జీలో సీఎంవైకేకు చోటే లేదు. ఎక్స్‌పోర్ట్ యాజ్ వాడండి, లేదా ఇమేజ్ మెనూలో డూప్లికేట్ చేసి ఆ నకలును ఆర్‌జీబీకి మార్చి సేవ్ చేయండి.

### 4.3 ఫ్లాటెన్ చేసే అలవాటు గురించి

"లేయర్లన్నీ ఫ్లాటెన్ చెయ్ (ఒకే పొరగా కలిపెయ్), జేపీజీ వస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ. వస్తుంది నిజమే. కానీ ఫ్లాటెన్ చేసిన వెంటనే చేయి అలవాటుగా కంట్రోల్+ఎస్ మీదికి పోతే పీఎస్‌డీలోని లేయర్లు మొత్తం పోతాయి. పెళ్లి కార్డు మీద ముహూర్తం మార్చమని మర్నాడు కస్టమర్ వస్తే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

సేవ్ ఎ కాపీ తనంతట తానే ఫ్లాటెన్ చేసి జేపీజీ ఇస్తుంది, అసలు ఫైల్ జోలికి పోదు. అందుకే జేపీజీ కోసం చేత్తో ఫ్లాటెన్ చేయడం పూర్తిగా మానేయమంటాను.

ఇప్పటికే అలా జరిగి, ఫైల్ ఇంకా మూయలేదంటే కంగారు పడకండి. హిస్టరీ ప్యానెల్‌లో ఫ్లాటెన్‌కు ముందు అడుగు మీద క్లిక్ చేసి, సేవ్ యాజ్‌తో వేరే పేరు పెట్టి పీఎస్‌డీ చేసుకోండి. ఫైల్ మూసేశాక హిస్టరీ ఉండదు.

### 4.4 పాత పద్ధతే కావాలంటే

ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్‌లో ఎనేబుల్ లెగసీ సేవ్ యాజ్ అనే టిక్ ఉంది. అది పెడితే సేవ్ యాజ్‌లోనే జేపీజీ కనిపిస్తుంది. 22.4.2 నుంచి ఈ సౌకర్యం ఉంది. దాని దగ్గరే, సేవ్ ఎ కాపీ చేసినప్పుడు పేరు చివర "కాపీ" అనే మాట తగిలించొద్దు అని చెప్పే టిక్ కూడా ఉంటుంది. ఆల్బమ్ షీట్లకు వరుస నంబర్లు ఇచ్చేవాళ్లకు ఈ రెండోది తప్పనిసరిగా పనికొస్తుంది.

లెగసీ టిక్ విషయంలో నా అభిప్రాయం ఇది. ఏళ్లుగా పాత పద్ధతిలో పనిచేసిన స్టూడియోలో పెట్టుకోవచ్చు. ఇప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు మాత్రం పెట్టి ఇవ్వకండి. కొత్త పద్ధతిలో వర్క్ ఫైల్ మీద పొరపాటున రాసేసే అవకాశం తక్కువ.

### 4.5 ఎక్స్‌పోర్ట్ కొడితే ఎప్పుడూ పీఎన్‌జీయే వస్తోందా?

క్విక్ ఎక్స్‌పోర్ట్ మొదట పీఎన్‌జీకి పెట్టి ఉంటుంది. ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లి క్విక్ ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్‌ను జేపీజీ చేయండి, క్వాలిటీ కూడా అక్కడే పెట్టండి. నిజంగా డిఫాల్ట్ ఫార్మాట్ అనదగ్గ సెట్టింగ్ ఫొటోషాప్‌లో ఇదే. రోజూ ఆన్‌లైన్ పోస్టర్లు చేసేవాళ్లకు దీనివల్ల చాలా సమయం కలిసొస్తుంది.

### 4.6 సేవ్ చేసిన ఫైల్ కంప్యూటర్‌లోనే కనిపించకపోతే

అది క్లౌడ్ డాక్యుమెంట్‌గా వెళ్లి ఉంటుంది. సేవ్ కొట్టగానే కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా అని అడిగే పెట్టెలో చూడకుండా నొక్కితే ఇలా అవుతుంది. ఆ ఫైల్‌ను ఫొటోషాప్ హోమ్ స్క్రీన్‌లో తెరిచి, సేవ్ యాజ్‌లో ఆన్ యువర్ కంప్యూటర్ ఎంచుకుని పీఎస్‌డీ చేయండి. ఆ తర్వాత ఫైల్ హ్యాండ్లింగ్‌లో డిఫాల్ట్ ఫైల్ లొకేషన్‌ను కూడా కంప్యూటర్‌కు మార్చండి. నెట్ సరిగా రాని ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం.

### 4.7 వందల ఫొటోలు ఒకేసారి మార్చాలంటే

ఒక్కొక్కటి తెరిచి సేవ్ చేయనక్కర్లేదు. ఫైల్, స్క్రిప్ట్స్, ఇమేజ్ ప్రాసెసర్. పీఎస్‌డీలున్న ఫోల్డర్ చూపించి, సేవ్ యాజ్ జేపెగ్ టిక్ పెట్టి, క్వాలిటీ 12 ఇచ్చి రన్ కొట్టండి. జేపీజీలన్నీ వేరే ఫోల్డర్‌లో పడతాయి, పీఎస్‌డీలు అలాగే ఉంటాయి.

## 5. గింప్: సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

గింప్ ఉచితం కాబట్టి విద్యార్థులు ఎక్కువగా వాడతారు. 2012లో వచ్చిన 2.8 వెర్షన్ నుంచి దీనిలో సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్ మాత్రమే. జేపీజీ, పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ యాజ్, అంటే కంట్రోల్+షిఫ్ట్+ఈ. సేవ్ పెట్టెలో పేరు చివర జేపీజీ అని టైప్ చేస్తే ఒప్పుకోదు, ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లమని చెబుతుంది.

ఎక్స్‌పోర్ట్ యాజ్ పెట్టెలో పేరు చివర ఏ ఎక్స్‌టెన్షన్ రాస్తే ఆ ఫార్మాట్‌లోనే వస్తుంది. అయితే కింద సెలెక్ట్ ఫైల్ టైప్ దగ్గర బై ఎక్స్‌టెన్షన్ అని ఉండాలి. ముందెప్పుడో అక్కడ వేరేది ఎంచుకుని ఉంటే పేరుకీ ఫార్మాట్‌కీ పొంతన కుదరదు.

ప్రతిసారీ పీఎన్‌జీయే ముందుగా వస్తుంటే: ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇమేజ్ ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్. అక్కడ డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్ ఫైల్ టైప్‌ను జేపెగ్ చేయండి.

ఎక్స్‌పోర్ట్ చేశాక కూడా మూసేటప్పుడు "సేవ్ చేయలేదు" అని హెచ్చరిస్తుంది. మీ జేపీజీ భద్రంగానే ఉంది. అది అడుగుతున్నది ఎక్స్‌సీఎఫ్ గురించి. మళ్లీ మార్పులు చేయాల్సిన పని అయితే సేవ్ చేసుకోండి, లేకపోతే వదిలేయండి.

## 6. కోరెల్ డ్రా, పెయింట్

కోరెల్‌లో సేవ్ చేస్తే సీడీఆర్, బొమ్మగా కావాలంటే కంట్రోల్+ఈ. సీడీఆర్‌నే ఇంకో షాపుకు ఇవ్వాల్సి వస్తే సేవ్ యాజ్ పెట్టెలో వెర్షన్ అనే చోట వాళ్ల దగ్గరున్న వెర్షన్ పెట్టండి. కొత్త వెర్షన్ ఫైల్ పాత కోరెల్‌లో తెరుచుకోదు, అవతలివాళ్లు ఫైల్ పాడైందనుకుంటారు.

పెయింట్‌లో కొత్త బొమ్మ పీఎన్‌జీగా వస్తుంది. ఫైల్, సేవ్ యాజ్ పక్క బాణం నొక్కి జేపెగ్ పిక్చర్ ఎంచుకోండి. తెరిచింది జేపీజీ అయితే కంట్రోల్+ఎస్ కొట్టినా జేపీజీయే. ఒకటే జాగ్రత్త, జేపీజీని మళ్లీ మళ్లీ మార్చి సేవ్ చేసిన కొద్దీ నాణ్యత తగ్గుతూ పోతుంది. అక్షరాల అంచులు ముందుగా చెడిపోతాయి.

## 7. ఫొటోయే వేరే ఫార్మాట్‌లో వచ్చినప్పుడు

ఐఫోన్ నుంచి హెచ్‌ఈఐసీ: 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫొటోలు ఇలా వస్తున్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ పెడితే ఇకమీదట తీసేవి జేపీజీ అవుతాయి. ఇప్పటికే తీసినవి మారవు. వాటిని కంప్యూటర్‌లో తెరిచి జేపీజీగా సేవ్ చేయాలి. విండోస్‌లో తెరుచుకోకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ వేసుకోవాలి. కొన్ని ఫొటోలకు దాంతో పాటు హెచ్‌ఈవీసీ ఎక్స్‌టెన్షన్ కూడా అవసరం. శాంసంగ్ ఫోన్లలో కూడా హై ఎఫిషియెన్సీ పిక్చర్స్ అనే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇదే సమస్య.

బ్రౌజర్ నుంచి వెబ్‌పీ: వెబ్‌సైట్ ఆ ఫార్మాట్‌లో ఇస్తోంది కాబట్టి అలాగే దిగుతుంది. పెయింట్‌లో తెరిచి సేవ్ యాజ్‌తో మార్చుకోండి. ఎక్స్‌టెన్షన్‌ను రీనేమ్ చేస్తే మారినట్టు కనిపిస్తుంది, అప్‌లోడ్ దగ్గర దొరికిపోతుంది.

జేఎఫ్‌ఐఎఫ్: రీనేమ్ సరిపోయే సందర్భం ఇది. లోపల ఉన్నది జేపీజీయే, కాబట్టి చివర జేపీజీ అని మార్చితే చాలు. దీని కోసం విండోస్ రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చమని చెప్పే వీడియోలున్నాయి. పనిచేస్తుంది, కానీ రిజిస్ట్రీ తెలియనివాళ్లు దానిలో చేయి పెట్టవద్దు. రీనేమ్ చేయడానికి క్షణం కూడా పట్టదు.

వాట్సాప్: లోగోను బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా చేసి ఫొటోలా పంపితే అవతలికి జేపీజీగా, బ్యాక్‌గ్రౌండ్ నిండిపోయి చేరుతుంది. ప్రింట్ ఫొటోలైతే సైజు కుంచించుకుపోతుంది. లోగో, ప్రింట్ ఫైల్ ఏదైనా సరే డాక్యుమెంట్‌గా మాత్రమే పంపండి, పంపించమనండి.

ఫోన్ యాప్‌లు: స్నాప్‌సీడ్ సెట్టింగ్స్‌లో ఫార్మాట్, క్వాలిటీ మార్చుకునే చోటు ఉంది. పిక్సెల్‌ల్యాబ్‌లో సేవ్ చేసే పెట్టెలోనే జేపీజీ, పీఎన్‌జీ రెండూ ఉంటాయి. బతుకమ్మ, దసరా శుభాకాంక్షల పోస్టర్లు ఫోన్‌లోనే చేసేవాళ్లు పోస్టర్‌కు జేపీజీ, దాని మీద వేసే పేరు ముక్కకో లోగోకో పీఎన్‌జీ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

## 8. ఉద్యోగ దరఖాస్తుల ఫొటో, సంతకం

ఫార్మాట్ సరిగ్గా ఉన్నా వెనక్కి కొట్టడానికి ఇక్కడ రెండు కారణాలుంటాయి: కేబీ, పిక్సెల్స్. బ్యాంకు పరీక్షలకు ఐబీపీఎస్ సూచనల్లో ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ అనీ, సంతకం 140×60 పిక్సెల్స్, 10 నుంచి 20 కేబీ అనీ ఉంటుంది. ఒక్కో పరీక్షకు ఒక్కో కొలత కాబట్టి మీరు రాసే పరీక్ష ఈ ఏటి నోటిఫికేషన్ దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టండి.

1. ఫొటోను ముందు క్రాప్ చేయండి, తర్వాత ఇమేజ్ సైజ్‌లో పిక్సెల్స్ ఇవ్వండి. డీపీఐ (ప్రింట్‌లో అంగుళానికి ఎన్ని చుక్కలు) గురించి బాధపడకండి, ఎక్కువ వెబ్‌సైట్లు చూసేది పిక్సెల్స్, కేబీలే.
2. మోడ్ ఆర్‌జీబీ, 8 బిట్స్ ఉందో లేదో చూడండి. ప్రింట్ కోసం చేసిన సీఎంవైకే ఫొటోను అప్‌లోడ్ చేస్తే రంగులు తేడాగా కనిపించవచ్చు, లేదా అసలు తీసుకోకపోవచ్చు.
3. ఫొటోషాప్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫర్ వెబ్ తెరిచి జేపెగ్ ఎంచుకోండి. పై మూల చిన్న మెనూలో ఆప్టిమైజ్ టు ఫైల్ సైజ్ ఉంది. 50 కేబీ పరిమితి అయితే 45 ఇవ్వండి, క్వాలిటీ అదే సర్దుకుంటుంది.
4. సేవ్ అయ్యాక ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్‌లో సైజ్ చూడండి. దాని కింద ఉండే సైజ్ ఆన్ డిస్క్ లెక్కలోకి రాదు.

కనీస పరిమితిని చాలామంది మర్చిపోతారు. 20 కేబీ కన్నా తక్కువ ఉన్నా తిప్పి పంపుతుంది. అప్పుడు క్వాలిటీ పెంచాలి. పిక్సెల్స్ పెంచకూడదు.

చివరి తేదీ రాత్రి నెట్ సెంటర్‌లో కూర్చుని ఇదంతా చేయడం ఎవరికీ మంచిది కాదు. ఫొటో, సంతకం మంచి సైజులో పీఎస్‌డీగానో ఎక్స్‌సీఎఫ్‌గానో ఒకసారి చేసి ఉంచుకుంటే, ప్రతి నోటిఫికేషన్‌కూ దాన్నుంచే కొత్త కాపీ తీయవచ్చు.

## 9. ఫ్లెక్సీ, ఆల్బమ్

ఆల్బమ్ ల్యాబ్‌లు ఎక్కువగా అడిగేది జేపీజీ, ఎస్‌ఆర్‌జీబీ (ఆర్‌జీబీలో ఎక్కువగా వాడే రకం), 300 డీపీఐ. 12×36 అంగుళాల షీట్ అంటే 3600×10800 పిక్సెల్స్. ల్యాబ్‌కు టిఫ్ పంపితే ఇంకా నాణ్యంగా వస్తుందని అనుకోవద్దు. వాళ్ల సాఫ్ట్‌వేర్ ఏది తీసుకుంటుందో అదే సరైన ఫార్మాట్.

ఫ్లెక్సీలో అసలు సమస్య సైజు. మేడారం జాతర స్వాగత తోరణాలు, ఊరి పొలిమేర హోర్డింగులు లాంటి పెద్ద పనుల్లో "సేవ్ కావడం లేదు" అంటే ఇది చూడండి. పీఎస్‌డీ వెడల్పో ఎత్తో 30,000 పిక్సెల్స్ దాటినా, సైజు 2 జీబీ దాటినా సేవ్ కాదు. 40×20 అడుగుల ఫ్లెక్సీని అసలు సైజులో 72 డీపీఐతో పెడితే వెడల్పు 34,560 పిక్సెల్స్ వస్తుంది. సీఎంవైకేలో ఒక్క లేయర్‌కే 2 జీబీ దాటుతుంది. అప్పుడు రెండు దారులు.

- పీఎస్‌బీగా సేవ్ చేయండి. సేవ్ యాజ్‌లో లార్జ్ డాక్యుమెంట్ ఫార్మాట్ అని ఉంటుంది.
- అడుగుకు అంగుళం లెక్కన చిన్నగా చేయండి. 40×20 అంగుళాలు, 300 డీపీఐ అంటే 12,000×6,000 పిక్సెల్స్. దూరం నుంచి చూసే హోర్డింగ్‌కు ఇది సరిపోతుంది. ఏ లెక్కన చేశారో ఫైల్ పేరులోనే రాయండి.

నేనైతే రెండో దారే పట్టమంటాను. కంప్యూటర్ నెమ్మదించదు, పెన్ డ్రైవ్‌లో కూడా పడుతుంది. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ 4 జీబీ దాటిన ఒక్క ఫైల్‌ను తీసుకోదు. అది కాపీ కాకపోతే ఇమేజ్ ఫార్మాట్‌ను నిందించకుండా పెన్ డ్రైవ్‌ను చూడండి.

ఇంకొకటి మన భాషకే ప్రత్యేకమైన చిక్కు. అనూ ఫాంట్లతో (డీటీపీలో వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) చేసిన పీఎస్‌డీ లేదా సీడీఆర్ ఇంకో షాపులో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్లు లేకపోతే పేర్లన్నీ అర్థం లేని ఇంగ్లిష్ గుర్తులుగా మారిపోతాయి. వర్క్ ఫైల్ ఇవ్వక తప్పని సందర్భంలో ముందు దానికి ఒక కాపీ తీయండి. ఆ కాపీలో ఫొటోషాప్ అయితే టెక్స్ట్ లేయర్ మీద రైట్ క్లిక్ చేసి కన్వర్ట్ టు షేప్, కోరెల్ అయితే కంట్రోల్+క్యూతో కర్వ్స్ చేయండి. అసలు ఫైల్‌లో ఎప్పుడూ చేయకండి, అక్షరదోషం దిద్దడానికి దారి ఉండదు.

## 10. ఇన్ని చేసినా సెట్టింగ్ నిలవకపోతే

వరుసగా ఇవి చూడండి. ఒకటి చేశాక పరీక్షించి, అప్పుడే తర్వాతదానికి వెళ్లండి.

1. సెట్టింగ్ మార్చాక సాఫ్ట్‌వేర్‌ను మామూలుగా మూసి తెరవండి. హ్యాంగ్ అయి మూతపడితే మార్పు నమోదు కాకపోవచ్చు.
2. కొత్త ఖాళీ డాక్యుమెంట్‌లో ప్రయత్నించండి. అక్కడ సరిగ్గా వస్తే సమస్య మీ ఫైల్ మోడ్‌లో ఉంది, సాఫ్ట్‌వేర్‌లో లేదు. భాగం 4.2 మళ్లీ చూడండి.
3. వేరే ఫోల్డర్‌లో సేవ్ చేసి చూడండి. రాసే అనుమతి లేని ఫోల్డర్, నిండిపోయిన డ్రైవ్ కూడా సేవ్ ఎర్రర్లు ఇస్తాయి.
4. చివరగా ప్రిఫరెన్సెస్ రీసెట్. ఫొటోషాప్ ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుంటే సెట్టింగ్స్ తీసేయనా అని అడుగుతుంది. ఒప్పుకునే ముందు మీ యాక్షన్లను, బ్రష్‌లను విడిగా సేవ్ చేసుకోండి.

## 11. ఫైల్ బయటికి పంపేముందు చూసుకోవలసినవి

- వర్క్ ఫైల్ విడిగా సేవ్ అయ్యిందా?
- పంపే ఫైల్ పేరు చివర ఒకే ఎక్స్‌టెన్షన్ ఉందా?
- ఆ ఫైల్‌ను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాకుండా మామూలు ఫొటో వ్యూయర్‌లో తెరిచి చూశారా?
- ఆన్‌లైన్‌కు ఆర్‌జీబీ, ప్రింట్‌కు ప్రెస్ వాళ్లు అడిగిన మోడ్ ఉందా?
- పిక్సెల్స్, కేబీ అడిగిన హద్దుల్లో ఉన్నాయా?
- బ్యాక్‌గ్రౌండ్ లేని లోగో అయితే పీఎన్‌జీయేనా?
- వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పెట్టారా?

ఫైల్ అందాక అవతలివాళ్లను ఒక్కసారి తెరిచి చూడమనండి. వాళ్ల దగ్గర తెరుచుకోకపోతే "ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, తెరపై ఏ మెసేజ్ వచ్చింది" అని అడిగి, ఆ మెసేజ్ ఫొటో తీసి పంపమనండి.